రూటు బోర్డు లేని బండి

ముప్పై మూడేళ్ళు రాజోలు డిపోలో
స్టీరింగు పట్టుకున్న మనిషి మా జీవరత్నం.
ఆయన బస్సు నేనెక్కింది నాలుగుసార్లు,
నాలుగుసార్లూ నిలబడే,
టీకాల డబ్బా చంకన పెట్టుకుని.
డ్రైవరు పెళ్ళాన్నని కండక్టరుకి చెప్పలేదు.

ఇప్పుడు ముందు సీటు నాది.

రిటైరయ్యాక వచ్చిన డబ్బుల్లో కొంత పెట్టి
స్కూలు పిల్లల్ని దింపీ దింపీ అలిసిన వ్యానొకటి కొన్నాడు.
మలికిపురం వడ్రంగి సీట్లు పీకి మంచం బిగించాడు.
కొబ్బరిపీచు పరుపు, ఒంటి బర్నరు పొయ్యి,
నెత్తిన నీళ్ళ డ్రమ్ము.
పసుపు రంగు మటుకు అలాగే ఉంచాం.
ఎవరో పిల్లాడు మేకుతో గీసిన ఏడో ఎక్కం కూడా;
ఏడారుల దగ్గర వాడి ఊరొచ్చేసినట్టుంది.

బస్టాపు కనబడితే చాలు
ఈయన కాలు దానంతటదే బ్రేకు మీదికి పోద్ది.
ఎవరూ ఎక్కరు.
అద్దంలో ఓసారి చూసి, సిగ్గుపడి, గేరు మారుస్తాడు.
నేను అరటితోటలు చూస్తున్నట్టు అటు తిరుగుతాను.

చుట్టాలకి మా మీద కోపం.
"మా ఇంట్లో మంచాల్లేవా?" అన్నాడు
ఓడలరేవులో మరిది ఏసుపాదం.
తోటికోడలు పీతల కూర తెచ్చి
వ్యాను మెట్టు మీద ఠంగున పెట్టి వెళ్ళిపోయింది.
ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు కదా,
నాలుగు తాటితాండ్ర ముక్కలు వేసిచ్చాను.
అప్పటికి నవ్వింది.

చీకటి పడ్డాక చూడాలి మా బండి సంగతి.
ఇంట్లో లైట్లారాక ఒక్కొక్కరే వస్తారు,
"బీపీ చూడవే కరుణక్కా" అంటూ.
నా మిషను పాతది, పట్టీ అరిగింది.
చెయ్యి చాపి ఆ మంచమ్మీద కూచున్నారంటే
గాలి దిగేలోపు మాటలు మొదలవుతాయి.
రొయ్యల చెరువు బాకీ,
మానేశానని ఒట్టేసిన చుట్ట.
అందరికంటే ఆఖర్న తోటికోడలు.
నూట నలభై అని నేనింకా అంటుండగానే
నా వేళ్ళు పట్టుకుని జాకెట్టు మీద పెట్టుకుంది.
లోపల బఠాణీగింజంత గట్టిదనం.
రేపే అమలాపురం వెళ్ళమన్నాను, కసిరినట్టే చెప్పాను.

అలాంటప్పుడు ఈయన కిందికి దిగి
టైర్లు తన్ని చూస్తుంటాడు.
నాలుగు టైర్లకి నలభై నిమిషాలు.

అంతర్వేది పల్లిపాలెంలో
పోయినేడు బండి పెట్టిన చోట అలలున్నాయి.
"ఒరిగిన సరుగుడు చెట్టుండాలి కదే ఇక్కడ" అంటే
మా చెల్లి సుగుణ నీళ్ళకేసి వేలు చూపింది,
పక్కింటివాళ్ళు ఇల్లు మారారని చెప్పినంత మామూలుగా.

అది గోదారి దాటి తొమ్మిదేళ్ళు.
మంచాన పడ్డ మామగారు,
ఎండు చేపలకి కాకుల కాపలా.
పొద్దున్నే క్రిస్మస్ చీర కట్టుకుని
సంచీ కూడా లేకుండా వచ్చి నిలబడింది.
"అవతలి రేవు దాకా వస్తాను. అంతే."

సఖినేటిపల్లిలో బండి పంటి ఎక్కింది.
ఇంజను ఆపేశాక కూడా ఈయన స్టీరింగు వదల్లేదు,
తను నడపకుండానే బండి సాగిపోతుంటే
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక.
వెనక, మంచం అంచున సుగుణ.
అద్దంలో దాన్ని చూసి గొంతు సవరించి
"టికెట్టు?" అన్నాడు.
అది కొంగుముడి విప్పి పది రూపాయలిచ్చింది.
ఈయన నిజంగానే తీసుకున్నాడు!

నరసాపురం రేవులో టీ తాగాం.
గ్లాసులో సగం ఉండగానే పంటి కూసింది.
అది పరుగెత్తి ఎక్కి, రెయిలింగు పట్టుకుని
నీళ్ళనే చూస్తూ వెళ్ళిపోయింది.
మావైపు తిరగలేదు.

పేరుపాలెం దారిలో మూడో బస్టాపు దగ్గర
మళ్ళీ ఆగాడు.
ఈసారి గేరు మార్చడానికి తొందరపడలేదు.
నేనూ వెనక్కి తిరిగి చూశాను.