పెదవులకి సరిపడే మాట

కొరుక్కుపేట రైలుగేటు పక్కన మేడమీద గది,
గోడలకి గుడ్ల అట్టలు అంటించి
దాన్నే స్టూడియో అనేవాళ్ళం.
రైలు వచ్చినప్పుడల్లా రికార్డింగు ఆగాలి.
"గూడ్సు బండమ్మా, నలభై పెట్టెలకి తక్కువుండదు,
టీ తాగేద్దాం" అనేవారు చెంగల్రాయ నాయుడుగారు.
ఛానల్ ఆయనది.
గొంతు నాది.

పాతిక వీధులకి పాకిన కేబుల్ తీగ.
దామోదరం చెట్టి ఇత్తడి సామాను కొట్టు,
సైదమ్మాళ్ టైలరింగ్, జాకెట్లు ఒక్క రోజులో,
కళ్ళజోళ్ళ మస్తాన్ సాహెబు, పరీక్ష ఉచితం.
స్లైడులో అక్షరం జారితే
పొద్దున్నే మెట్లెక్కి వచ్చేవాడు చెట్టి:
"వకుళమ్మా, నా ఒత్తు మింగేశావు,
వీధంతా నన్ను చెటి అంటోంది."
ఆ నెల బిల్లులో ఇరవై కోసి
అర డజను గ్లాసులు బల్లమీద పెట్టి పోయేవాడు.

తర్వాత ఆకాశాన్ని ఎవరో అద్దెకి తీసుకున్నారు.
సముద్రం అవతల ఏదో దేశంలో ఒక గొడుగు పైకి చూస్తుంది,
మా మేడమీద ఒక గొడుగు పైకి చూస్తుంది.
హార్బరులో పెట్టె పెట్టెనీ విప్పి చూసేవాళ్ళున్నారు,
మబ్బులోంచి దిగే సబ్బుని ఆపేదెవరు?
ముప్పై సెకన్లు, ఏడు దేశాలు, ఒకటే రేటు.
మాకు నెలనెలా నాలుగువేలిచ్చే సబ్బు ఏజెంటు
చేతులు తుడుచుకున్నాడు:
"కంపెనీ పైనుంచే చూపిస్తోంది కదండీ."
మస్తాన్ సాహెబు మాట కూడా చెప్పలేదు, మానేశాడు.
చెట్టి మాత్రం వచ్చి కాసేపు కూర్చున్నాడు.
"వాళ్ళ బొమ్మ పక్కన నా చెంబు
చింతపండు చూడనిదానిలా ఉందమ్మా."

మూడు నెలల జీతం బాకీ పడ్డాక
సాలిగ్రామం నుంచి పిలుపు.
ఏసీ గది. రైలు వినపడదు.
తెరమీద ఎవరో ఒకావిడ, ఏ దేశమో,
తడి జుట్టు విదిలించి నవ్వుతోంది.
ఆమె పెదవులు మూసుకున్నచోట
ప, బ, మ మాత్రమే పడాలి.
నాలుగు వాక్యాలు రాశారు, ఏదీ అతకలేదు.
నేనే అన్నాను, "మా ఇంటి నమ్మకం."
అతికింది.
ఆమె ఇల్లు నేను చూడలేదు,
మా ఇంట్లో ఆ సబ్బు లేదు,
మాట మాత్రం కుట్టినట్టు కూర్చుంది.
ఆరొందలు కవరులో పెట్టి ఇచ్చారు.
బస్సులో రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

శుక్రవారం రాత్రి సినిమా మధ్యలో వచ్చింది.
ఇల్లిల్లూ నా గొంతే,
మా పాతిక వీధులూ కలిపి,
ఇంకెన్నో వీధులు, నేను పేరు పలకలేనివి.
ఫోను మోగింది.

"విన్నానమ్మా. బాగుంది.
నమ్మకం దగ్గర కాస్త ఎక్కువ నొక్కావు."
ఊఁ అన్నాను.
"గది సోమవారం ఖాళీ చేస్తున్నా.
ఆ గ్లాసులు నువ్వు తీసుకుపో.
ఇంకో మాట..."

అప్పుడే ఆయన వెనక రైలు.
అలవాటు కదా, ఇద్దరం ఆగాం.
పదిహేను, పదహారు,
లెక్క తప్పింది,
మళ్ళీ మొదలుపెట్టాను.