శుక్రవారం ఫోన్

సూర్యుణ్ణి నేనెప్పుడూ నేరుగా చూడలేదు.
ముప్పై ఒక్కేళ్ళుగా చూస్తున్నది
దూర్బీను గొంతులోంచి జారి
తెల్లకాగితం మీద పళ్ళెమంత వెడల్పున
వణుకుతూ పడే వెలుగుని.
బ్రస్సెల్స్ శివార్లలో అదీ రోజూ దొరకదు.
దొరకని రోజున ఖాళీ వలయం గీసి
పక్కన "మబ్బు" అని రాస్తాను.

గట్టి పెన్సిల్, సన్నగా చెక్కింది.
పెద్ద మచ్చకి నడుమ నలుపు,
చుట్టూ మాడిన రొట్టె అంచు రంగు.
చిన్నదానికి మొన ఆనిస్తే చాలు.
కాగితం మీది నలకేమో అని
ముందు ఊదాలి.
నలకని మచ్చగా లెక్కపెడితే
నాకంటే ముందు ఇదే పట్టిక రాసి
చచ్చిపోయిన వాళ్ళందరికీ
అబద్ధం చెప్పినట్టు.

శుక్రవారం మధ్యాహ్నం జెంక్ నుంచి
ఫిర్మిన్ ఫోన్ చేస్తాడు.
"గోదెలీవ్, మీ ముసలాడెలా ఉన్నాడు?"
బొగ్గుగనిలో ఇరవై రెండేళ్ళు
ఎండ ముఖం చూడకుండా పనిచేసినవాడు.
ఇప్పుడు పందెం పావురాల్ని పెంచుతున్నాడు.
సాయంత్రం లారీ వస్తుంది, బుట్టలెక్కుతాయి,
శనివారం పొద్దున్నే ఫ్రాన్సు నడిమధ్య
బూర్జ్ ఊరి బయట మూతలు తీస్తారు.
ఇంటిదారి వాటి తలలో ఉంటుంది.
ఆ దారిని చెరిపే గాలి
మా ముసలాడి దగ్గరుంటుందని అతని నమ్మకం.

జూన్‌లో ఆ శుక్రవారం
వలయానికి నట్టనడుమ, మన కళ్ళలోకి చూస్తూ,
చిక్కుపడ్డ దారపుండలాంటి మచ్చ.
ముందురోజు పేలింది.
"వస్తోంది," అన్నాను.
"దాని అయస్కాంతం ఉత్తరం తిరిగుంటే
మన్ని రాసుకుంటూ పోతుంది.
దక్షిణం తిరిగుంటే తలుపు తోసుకొస్తుంది."
"ఎటు తిరిగిందో ఎప్పుడు తెలుస్తుంది?"
"పదిహేను లక్షల కిలోమీటర్ల అవతల
ఒక యంత్రం కాపలా ఉంది. దాన్ని దాటాక.
ఆ తర్వాత మనకి మిగిలేది ముప్పావుగంట."
"ముప్పావుగంటలో నా పిట్టలు
అరవై కిలోమీటర్లు పోతాయి."

నలభై శాతం అన్నాను.
"శాతాలు నాకొద్దు. పంపనా, మాననా?"

మే నెలలో మానమన్నాను. మానాడు.
ఆ వారం దిక్సూచి ముల్లు నిద్రపోయింది.
ఊళ్ళో అందరి పావురాలూ గెలిచాయి.
అది గుర్తొచ్చి,
పంపు అన్నాను.

ఏడూ పదికి బుట్టలు తెరిచారట.
ఏడూ ఇరవై రెండుకి నా తెర మీద గీత
బావిలో చేద తెగినట్టు పడింది.
అట్లాంటిక్ మీద విమానాల రేడియోలు గరగరలాడాయి.
పొలాల్లో ఉపగ్రహాన్ని నమ్ముకున్న ట్రాక్టర్లు
సాలు వంకర తీశాయి.
స్వీడన్లో ట్రాన్స్‌ఫార్మర్లు మూలిగాయని
ఎవరో రాశారు.
జెంక్‌లో ఒక పెరట్లో
మడతకుర్చీలో ఒకడు
చీకటి పడేదాకా ఆకాశం చూశాడు.

ఇరవై ఆరు పంపితే నాలుగు.

ఆదివారం తనే ఫోన్ చేశాడు.
నేను నోరు తెరవకముందే
"డేగలు కావచ్చు, ఎదురుగాలి కావచ్చు" అన్నాడు.
కాసేపాగి,
"మా నాన్న గనిలోకి పంజరం పట్టుకెళ్ళేవాడు.
పిట్ట పాట ఆపితే మనుషులు పైకి పరిగెత్తేవాళ్ళు.
పిట్టని మాత్రం ఎవరూ అడగలేదు."
తర్వాత మామూలుగానే,
"మీ ముసలాడెలా ఉన్నాడు?"
మచ్చ పడమటి అంచు దిగుతోందని చెప్పాను.

తొమ్మిదోరోజు, మంగళవారం, మళ్ళీ ఫోన్.
శుక్రవారం కాని రోజున ఎప్పుడూ చేయడు.
బూడిదరంగు ఆడది, వీధి మలుపు నుంచి
నడిచొచ్చిందట.
రెక్క బాగానే ఉందట. ఎగరలేదు, అంతే.
కాలి ఉంగరం మీది అంకెలు
రెండుసార్లు చదివాడు.
ఆ రోజు బొమ్మ అంచులో రాసుకున్నాను,
మబ్బు తప్ప మరేదీ రాయకూడని చోట.

తర్వాత కొన్ని వారాలకి ఆ మచ్చ
అవతలి పక్క చుట్టి
తూర్పు అంచున తేలింది, సగం చిక్కి.
కాగితం మీద ఊదాను.
కదల్లేదు.
గీశాను.