రెండు గంటల వాసన

బండెడు నిమ్మగడ్డి కోస్తే
చేతుల నిండ గీతలే, నెత్తురు మాత్రం రాదు.
పోలీస్ పాటిల్ నవ్వుకుంట అన్న మాట తీరు
ఇంటికొచ్చి నీళ్లు పోసుకునేటప్పుడు మండుతది.

సిరొంచకు పదారు కిలోమీటర్లు మా ఊరు.
బచత్ గట్ ఆడోళ్లం పదకొండు మందిమి.
స్టీలు బట్టీ జీపు దిగిననాడు
మల్లుబాయి దానికి పసుపు రాసింది.
కుంకుమ పెట్టబోతే ఇంజినీరు పిలగాడు
"ఖరాబైతది బాయీ" అన్నడు.
అయినా పెట్టింది.

నూరు కిలోల గడ్డి లోపలికి,
కింద తుమ్మ మోడుల మంట.
ఆవిరి సల్లని గొట్టంల దారి తప్పి
బొట్టు బొట్టు బయటికొస్తది.
నీళ్ల మీద పసుప్పచ్చ మీగడలెక్క తేలుతది నూనె.
మూడు గంటలు కావలి కూసుంటే
అర సీసా కూడ నిండదు.

నేను ఆశా కార్యకర్తను.
నా సంచిల సూదులు, గాజుపలకలు, గోళీలు.
పట్టీ మీద ఒక్క గీత పడితే ఇంటికి పొమ్మంట,
రెండో గీత పడితే నేనే వాళ్లింటికి పోత.
తెలుగుల ఏడ్చే పిల్లల జరాన్ని
మరాఠీల రాసి తాలూకాకు పంపేది నేనే.
ఇంట్ల దోమ, రిజిస్టర్ల డాస్.
కుట్టేటప్పుడు దానికి
రెండు పేర్లూ తెల్వవు.

సర్కారు దోమతెరలు పంచిన ఏడు
ప్రాణహిత చేపలన్నీ దోమతెరలల్లనే పడ్డయి.
నేను ఎవర్నీ తిట్టలే.
మా ఇంట్ల తెర మీద ఇప్పపువ్వు ఎండుతుండె.

కొబ్బరినూనెల నాలుగు చుక్కలు కలిపి
కాళ్లకు చేతులకు రాసుకోమని చెప్పిన.
"చస్తయా?" అనడిగింది లింగుబాయి ముసలవ్వ.
చావవు అవ్వా, దూరం పోతయి.
"ఎంతసేపు?"
రెండు గంటలు.
"రాత్రి ఎంత పొడుగుంటదో
నీకు తెల్వదా బిడ్డా?"
అందరం నవ్వినం. నేనూ నవ్విన.

వానలు వెనుకపట్టినంక
నాగపూర్ నుంచి సావుకారి వచ్చిండు.
మూత తీసి వాసన చూసి, మూత పెట్టి,
ఉన్న సీసాలన్నీ తూకమేసుకొని పోయిండు.
ఆ వారమే చిన్నక్క పిల్లకు సలి పుట్టింది.
బళ్లె ప్రాజక్త, ఇంట్ల బుజ్జి.
పట్టీ మీద రెండో గీత
నా కండ్ల ముందట, మెల్లగ, సిగ్గు లేకుంట ఎక్కొచ్చింది.

బట్టీ కింద మంటేసేది ఆ చిన్నక్కే.
గడ్డి వాసన చర్మం లోపలికి దిగిన మనిషి,
దోమ ఆమె చేతుల మీద వాలదు.
వాలక ఎటు పోవాలె?
పక్కల పండుకున్న పిల్ల మీదికి పోయింది.
ఈ సంగతి నాకు ఏ ట్రైనింగుల చెప్పలే.
నేను రాసుకుంటే నీ ఇంటికొస్తది,
నువ్వు రాసుకుంటే ఆమె ఇంటికి.
మనం అమ్మే సీసా కాడ మూతి ముడుచుకొని
అది మన ఊరే తిరుగుతది.

బుజ్జి లేచింది. మూడు రోజులు గోళీలు,
నాలుగోనాడు పులుసు అడిగింది.

అప్పటిసంది ప్రతి బట్టీకి ఒక సీసా తూకానికి పోదు.
నూనె తేలినంక మిగిలే నీళ్లు
ఇన్నాళ్లు మోరీల పారబోసినం.
ఇప్పుడు మునిమాపుకు బిందెలతోని తీసుకపోయి
మంచాల మీద, గొడ్ల కొట్టంల చల్లుతున్నరు.
గొడ్లు మొదట తుమ్మినయి.

లెక్క మాత్రం మారలే, రెండు గంటలే.
నిన్న పెద్దరాత్రి ఎవరికో కాన్పైతుంటే పోయి మళ్లి వస్తున్న.
లింగుబాయి వాకిట్ల చిన్న బుడ్డి వెలుతురు.
గిన్నెల నూనె పట్టుకొని
మనుమల కాళ్లు ఒక్కొక్కటి తడిమి రాస్తున్నది.
"ఇది మూడోసారి" అన్నది నన్ను చూడకుంటనే.
పైన తెర కూడ కట్టింది,
నది నుంచి తెచ్చి రెండుసార్లు ఉతికి.
చేపల వాసన ఇంకా పోలే.