ఐదు కళావర్లు

గుణుపురంలో నాకు రెండు భాషలు, రెండూ సగం సగం.
సంతలో సవర ఆడోళ్ళతో పసుపు బేరానికి
ఇంకోటి, పావు వంతు.
క్లబ్బులో మాత్రం పదిహేను మాటలే:
ఒకటి నుంచి ఏడు, నాలుగు రంగులు, నోట్రంపు,
పాస్, డబల్, రీడబల్.
బాలేశ్వర్ నుంచి బదిలీ మీద వచ్చిన శానిటరీ ఇన్‌స్పెక్టర్
బనమాలి సాబత్, నేనూ
పదకొండేళ్ళు వాటితోనే మాట్లాడుకున్నాం.

ముందు లెక్క నేర్పాడు.
ఆసుకి నాలుగు, రాజుకి మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి.
టికెట్ల కిటికీలో కూర్చునేవాణ్ణి, నాకు కూడికలు కొత్తా?
పదమూడొస్తే నోరు తెరు, లేదంటే మూసుకో అన్నాడు.
చాలా రాత్రులు మూసుకున్నాను.

బొమ్మలు లెక్కెట్టడం గుంటలకీ వచ్చు,
లేనిదాన్ని లెక్కెట్టు చూద్దాం, అన్నాడు ఓ ముసురు పూట,
మూకుడులో మరమరాలు మెత్తబడిపోతుంటే.
ఒక రంగులో రెండే ముక్కలుంటే ఒకటి,
ఒంటి ముక్కయితే మూడు,
అసలే లేకపోతే ఐదు.
కాకపోతే తురుపు కుదరాలి ముందు.
జోడీ లేనివాడి ఖాళీ వట్టి ఖాళీ.

కుముదం పోయిన ఏడు అది.
ఎవరింటి సంగతీ బల్ల మీదికి రాలేదు.

ఇంకో నియమం ఉంది, పుస్తకంలో చిన్న అక్షరాల్లో.
ఆలోచించి ఆలోచించి పాస్ అంటే
ఆ ఆలస్యమూ ఒక మాటే.
జోడీ దాన్ని వినకూడదు.
గొంతు తగ్గినా, ముక్క మీద వేలు ఆగినా, నిట్టూర్చినా
విననట్టే ఆడాలి.
విన్నదాన్ని వాడుకుంటే అది దొంగాట.
బొంతలకోటి షావుకారు ప్రతిసారీ దగ్గేవాడు, రాజున్నప్పుడల్లా.
వాళ్ళ జోడీకి జలుబే కన్వెన్షను.

ఆ రాత్రి నాకు ఇస్పేటు రాజూ రాణీ, ఇంకో మూడు ఇస్పేట్లు.
మిగతావి ఆటీన్లూ కళావర్లూ, అన్నీ చిల్లర.
డైమను ఒక్కటీ లేదు.
సాబత్: ఒక ఇస్పేటు.
ఐదూ, ఖాళీకి ఐదూ, పది.
మూడు ఇస్పేట్లన్నాను.
ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని
నాలుగు నోట్రంపులు.
అంటే, నీ దగ్గర ఆసులెన్ని?

ఐదు కళావర్లు.
మా ఒప్పందంలో ఆ మాటకి అర్థం
ఒక్కటీ లేదని, కాదంటే నాలుగూ ఉన్నాయని.
మొత్తం ఉన్నోడూ ఏమీ లేనోడూ
ఒకే జవాబు చెప్పాలి.
ఏదో తేల్చుకోవాల్సింది జోడీయే,
అంతకుముందు నువ్వు ఎంత మెల్లిగా బతికావో చూసి.

మూడుతో సరిపెట్టుకున్నవాడికి నాలుగాసులా!
రెండు బయటున్నాయని ఆయన ఐదు ఇస్పేట్ల దగ్గరే ఆగాడు.
షావుకారు డైమనాసు కొట్టాడు.
డమ్మీగా పరిచిన నా చేతిలో డైమన్లుండాల్సిన చోట బల్ల కనిపించింది.
చిన్న ఇస్పేటుతో కోశాడు సాబత్.
పోయింది ఒక్క కళావరాసే. పన్నెండు పట్లు.
స్లామ్ మా ముందు నుంచే వెళ్ళిపోయింది,
పాసింజరు ప్లాట్‌ఫారం మీద జనాన్ని ఒగ్గేసి పోయినట్టు.

నీ తప్పు కాదు, అన్నాడు ముక్కలు పోగేస్తూ.
నేను ఆసులు అడిగాను.
నీ దగ్గరున్నది ఖాళీ.
దాన్ని అడగడానికి నాకు మాట లేదు.

మార్చిలో ఆయనకి బదిలీ ఆర్డరొచ్చింది.
చిన్న బండి, ఇంజను కాశీనగరం వైపు తిరిగి ఉంది.
టికెట్టు నేనే కొట్టిచ్చాను.
హోల్డాలు మీద కూర్చుని అడిగాడు, తన తెలుగులో,
ఇంటి దగర అంతా బాగేనా?
ఐదు కళావర్లు, అన్నాను.
తలాడించాడు. ఏదో తేల్చుకున్నాడు.

మళ్ళీ వస్తారా ఇటు?

గార్డు జెండా విప్పాడు.
వంశధార మీంచి గాలి వీచి, ఆగి, మళ్ళీ వీచింది.
వస్తా, అన్నాడు.

ఆ మధ్య ఆలస్యాన్ని
నియమం ప్రకారం
నేను వినలేదు.