తెల్లారకముందే చూడాల్సిన కారు

చీకట్లోనే రమ్మన్నాడు చెంగల్రాయులు.
గ్రీమ్స్‌పేట సందులో ఆ ఎర్ర కారు.
మాటా పలుకూ లేకుండా
బానెట్ మీద చెయ్యి పెట్టాడు,
పసిబిడ్డకు జ్వరం చూసినట్టు.

"వెచ్చగుండాది మేడమ్.
మనకంటే ముందే లేపినారు దీన్ని.
చలికి దగ్గేది మన చెవిన పడకూడదని."

మీటరు ముప్పైరెండు వేలంటోంది.
క్లచ్ పెడల్ రబ్బరేమో
అరిగిన చెప్పులా నున్నగా, ఇనుము తేలి.
కర్ణాటక నంబరు. కాగితాల్లో రెండో ఓనరు.
సీటు కింద దొరికిన సర్వీసు బిల్లు మీద
ఇంకెవరిదో పేరు.

అమ్మే పిల్లోడు హేమాద్రి
"రీమ్యాపా? అదేందన్నా?" అంటాడు
చెంబు మూతంత సైలెన్సర్ పక్కన నిలబడి.

స్టెప్నీ ఎత్తితే
డిక్కీ అడుగున వెల్డింగు కుట్లు,
నా కడుపు మీద గీత లాగే.
కాకపోతే దానికి పెయింటేశారు.

అన్నీ రాసుకున్నాను,
పదో తరగతి లెక్కల పేపరు దిద్దినట్టు.
టర్బో పైపు దగ్గర ఆయిలు చెమ్మ.
నాలుగు టైర్లు, నాలుగు కంపెనీలు.
పాస్ మార్కులు రావు.

అయినా మొగిలి ఘాట్ దాకా తోలాను.
పంతొమ్మిదేళ్లుగా ఆ మలుపుల్ని
పలమనేరు బస్సు కిటికీలోంచే చూశాను,
టిఫిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకుని.
మూడో గేరులో అదిమితే
సన్నగా ఈల.
వీపు సీటుకు అతుక్కుంది.
కొండే పక్కకు జరిగింది.
చెంగల్రాయులు కూడా ఏమీ అనలేదు
రెండు మలుపుల దాకా.

"వద్దు మేడమ్," అన్నాడు దిగినాక.
"తెలుసు," అన్నాను.

తాళం ఇంకా నా పిడికిట్లోనే ఉంది,
వెచ్చగా.