అంచున ఒక మాట

"పత్తి తెల్ల బంగారం."
నలభై రెండు నోటుబుక్కుల్లో
ఒకటే వాక్యం,
గైడులోని అచ్చుతప్పుతో సహా.
నేనేం కొట్టెయ్యలేదు.
అంచున ఎర్రసిరాతో
"ఎవరికి?" అని రాసి వాపసిచ్చిన.

తెల్లారి కొందరు
ఆ మాటను కూడా
గుండ్రంగ ఎక్కించుకొచ్చిన్రు.

మాలోతు రజిత మాత్రం
ఎనుమాముల తక్‌పట్టీ అంటించుకొచ్చింది,
అన్నం మెతుకులతో.
కింద రాసి, కొట్టేసి, మళ్ల రాసి:
"తేమ ఉన్నదని క్వింటాలుకు నాలుగు కిలోలు కోసిన్రు.
మిషన్ల అంకె బాపుకు చూపియ్యలే.
బంగారానికి తేమ ఉంటదా సార్?"

ఇరవై ఏండ్లుగా
రూపకాలంకారమని చెప్పి దాటేసేటోన్ని.

అంచుల చూస్తే
నా "ఎవరికి?" చుట్టూ పెన్సిలు సున్న,
పక్కన సన్నగ:
"మీకు తెలుసా?"

బడి గంట కొట్టిన్రు.
ఎర్రపెన్ను మూత
ఇంకా తియ్యలే.