ఆషాఢం గాలి, కాయితాలు

జూలై ఇరవై ఎనిమిది, ఆదివారం.
అనంతపురంలో వాన లేదు.
గాలి మాత్రం ఇంటింటికీ తిరిగి తలుపులు తడుతుండాది
బాకీ వసూలుకొచ్చిన మనిషి మాదిరి.

కిటికీలు మూసి, ఫ్యాను ఆపి
బండల మీద కాయితాలు పరిచినా.
ఎల్లైసీ రశీదుల మీద అరకిలో తూకంరాయి.
పాప కాలేజీ ఫీజు మీద ఉప్పుజాడీ.
ఫారం పదహారు మీద
నా డ్యూటీ చెప్పు ఒకటి.
డిపో క్లర్కు చూస్తే ఏమనుకుంటాడో గానీ
ఆ జీతానికి అదే తగిన బరువు.

బాడుగ రశీదులు పన్నెండు.
ఓనరు కంబగిరి మేస్త్రి
ఏడాదికొకసారి, ఒకే పొద్దున, ఒకే గుక్కలో
ఏప్రిల్ నుంచి మార్చి దాకా సంతకాలు గీకేస్తాడు.
మధ్యలో పెన్ను మార్చమంటే
"పన్నోళ్ళు పెన్నులు లెక్కబెడతారా కుళ్ళాయమ్మా" అని నవ్వి
సెప్టెంబరు నుంచి పచ్చ ఇంకు పట్టినాడు.

ఆధార్లో ఉన్న పేరుకు
పాన్ కార్డులో ఒక వై ఎక్కువ.
గుగూడు స్వామికి మొక్కుకొని పెట్టిన పేరు.
ఎట్ల పిలిచినా ఆ స్వామికి వినబడుతుంది,
కంప్యూటరుకు వినబడదు.
ఆ ఒక్క అక్షరం కోసం ముందేడు నాలుగు సార్లు తిరిగినా.

కల్యాణదుర్గం రూట్లో పంతొమ్మిదేళ్ళు టికెట్లు కొట్టిన చెయ్యి ఇది.
యాడ ఎక్కినావు, యాడ దిగుతావు,
పిల్లోడికి ఐదు నిండలేదా నిజం చెప్పు
అని అడిగే నోరు ఇది.
ఇప్పుడు ఒక ప్రీమియం చీటీ దొరక్క
చెకింగోళ్ళ ముందర టికెట్టు పారేసుకున్న మనిషి మాదిరి
సంచి గుమ్మరిస్తుండా.

లోపల ఓబులేసు నిద్ర.
రాత్రి బెంగళూరు డ్యూటీ చేసొచ్చినాడు.
ఆయన కాయితమంటే
మడిచి మడిచి బీడీ అంత చేసి
లైసెన్సు కవర్లో దోపుకునేదే.

అసలువి బరువుల కిందనే వదిలి
జిరాక్సులు ఎదకు అదుముకొని
కమలానగర్ పోయినా, ఖాజాపీర నెట్ సెంటరుకు.

"మీ సంగతి మీకంటే దీనికే బాగా తెలుసక్కా" అని
గవర్నమెంటు లెక్క తెరిచినాడు.
జీతం కుదిరింది.
సేవింగ్సు వడ్డీ, వంద చిల్లర, కుదిరింది.
దాని కింద ఇంకో వరస:
తాడిపత్రి బ్రాంచి, డిపాజిట్టు వడ్డీ,
నాలుగు వేల ఆరునూర్ల పన్నెండు.
"ఇది చెప్పలేదే?"
"నాది కాదబ్బా."
"పాన్ మీదేనక్కా. వై కూడా ఉండాది."

తాడిపత్రి.
ఆయన ఆ డిపోలో రెండేళ్ళు చేసినాడు.
ఒక తెల్లారుజామున బస్టాండులో, ఇంజను ఆపకుండానే
బానెట్టు మీద ఏదో ఫారం పెట్టి
"ఈడొకటి, ఈడొకటి" అన్నాడు.
రూపాయి తేడా వస్తే రాత్రంతా లెక్కబెట్టేదాన్ని,
చదవకుండా పెట్టేసినా.
సొసైటీ లోనుకు జామీను అనుకున్నా.
నెల దినాలు ఆయనతో మాట్లాడలేదు.

"చిన్నదే, వదిలేద్దామా?
రేపు నోటీసొస్తే మాత్రం నన్ననొద్దు."
"కలుపు" అన్నా.
పన్ను తొమ్మిది వందల అరవై పెరిగింది.
పది రూపాయల బిళ్ళలు తొంభైయారు
బల్ల మీద పేర్చినా.
వాడు లెక్కబెట్టలేదు. కండక్టరు ఇచ్చే చిల్లర.

ఇంటికొస్తే వాకిలి బార్లా తెరుచుకొనుంది.
గడియ ఊడదీసింది గాలి.
ఉప్పుజాడీ పక్కకు పొర్లింది.
నడి ఇంట్లో ఓబులేసు, లుంగీ మీద,
పచ్చ ఇంకు రశీదుల మీద కూచొని,
ఒక కాలు ఫారం పదహారు మీద,
రెండు చేతుల కింద ఎల్లైసీ,
మోకాలి కింద పాప ఫీజు.
"అర్ధగంటైంది. దురదొచ్చినా గోక్కోలేదు.
అయిపోయిందా?"
"అయిపోయింది."
"ఎంత?"
చెప్పినా.
"పోయినేడు ఏం పడలేదే, ఇప్పుడెందుకంత?"

తలుపు మూసి, వీపు ఆనించి నిలబడినా.
"తాడిపత్రిలో గాలి ఇట్లనే ఉంటాదా?"

చాలాసేపు నన్నే చూసినాడు.
"ముందు నన్ను లెయ్యనీ" అన్నాడు.